గంట మూత లేని సైకిలు

ఇంటి వెనక వసారా
ఫిబ్రవరి 6

బుజ్జీ,

ముందు ఒక తప్పు దిద్దాలి. "నానమ్మా, సైకిలు మీంచి పడ్డావట కదా" అని రాశావు. పడలేదు. దిగాను. రోజూ దిగేదానికన్నా కాస్త తొందరగా దిగాను, అంతే. ముప్ఫై రెండేళ్ళు పిల్లలకి వ్యాకరణం చెప్పినదానికి ఆ రెండు క్రియలకీ తేడా తెలియదనుకోకు. నీ చెవిన వేసింది మీ నాన్నే అయ్యుంటాడు. నా మోకాలి మీద చొక్కా బొత్తామంత గీరు చూసి, వాడు మనసులోనే నన్ను ఆసుపత్రిలో చేర్చి, పళ్ళు పట్టుకుని చూడటానికి కూడా వచ్చేశాడు.

దాని ఫలితం, సైకిలు అమ్మెయ్యాలిట. "నువ్వు అమ్ముతావా, నన్ను పారెయ్యమంటావా?" అన్నాడు. అమ్ముతానన్నాను. ఇంత తేలిగ్గా ఒప్పుకునేసరికి వాడికే అనుమానమొచ్చి నా నుదురు తాకి చూశాడు, జ్వరమేమోనని.

నువ్వు బీమా ఆఫీసులో దెబ్బతిన్న బళ్ళకి అంచనాలు కట్టేదానివి కదా, దీనికీ ఒక ధర కట్టి పంపు. నల్ల రంగు లేడీస్ సైకిలు. వయసు ముప్ఫై ఒకటి. గొలుసు మీద రేకు డబ్బా భద్రంగా ఉంది. సీటు తోలుది, నా ఆకారానికి అలవాటు పడింది, కొన్నవాళ్ళకి అలవాటు పడటానికి కొంచెం టైము పడుతుంది. టైర్లు రెండేళ్ళ క్రితం వేసినవి. వెనక క్యారియరు మీద కొన్ని వేల పరీక్ష పేపర్లు ప్రయాణం చేశాయి, అయినా వంగలేదు. ముందు ఫోర్కు కిందటి వారమే కొత్తది వేయించాను. గంట మూత లేదు.

సైకిలు షాపతను పాత ఇనుము రేటు చెప్పాడు. ఇనుము రేటు నాకూ తెలుసు. నాకు కావలసింది సైకిలు ధర.

జవాబు ఉత్తరంలోనే రాయి. ఫోను మీ నాన్న మంచం పక్కన ఉంటుంది, వాడి చెవులూ అక్కడే ఉంటాయి.

నానమ్మ

—

హాస్టలు, మూడో అంతస్తు
ఫిబ్రవరి 14

నానమ్మా,

సరే, దిగావు. ఫైల్లో అలాగే రాసుకుంటాను.

ఆఫీసులో వాడే పద్ధతిలోనే నీ సైకిలుకి అంచనా కట్టాను. వయసుకి తగ్గించాను, గొలుసు డబ్బాకి కలిపాను, తోలు సీటుకి కలిపాను, నీ ఆకారానికి ఏమీ కలపలేదు. రెండు వేలు చెప్పు, పద్దెనిమిది వందల దగ్గర ఆగు. అంతకన్నా దిగకు (ఈసారి ఈ క్రియ నాది).

రెండు సంగతులు. కాగితం అంటించేటప్పుడు లోపాలన్నీ నువ్వే ముందు రాసెయ్యి. దాచిన లోపం బయటపడితే ధర సగమవుతుంది, చెప్పిన లోపానికి పదో వంతే పోతుంది. రోజూ చూస్తుంటాను కాబట్టి చెబుతున్నాను. ఇంకొకటి, మొదటినుంచీ ఒక్కరే వాడిన బండిని మా వాళ్ళు "సింగిల్ హ్యాండ్" అంటారు. అది తప్పకుండా రాయి, విలువ పెరుగుతుంది.

ఇప్పుడొక ప్రశ్న. ఫోర్కు ఎందుకు మార్చావు? పక్కకి పడిన సైకిలుకి పెడలు వంగుతుంది, హ్యాండిలు తిరుగుతుంది. ఫోర్కు వంగదు. అది వెనక్కి వంగిందంటే ముందునుంచి దేన్నో గట్టిగా గుద్ది ఉండాలి. నువ్వు దేని మీదనుంచి దిగావు?

నా దస్తూరీ వంకరగా ఉందని మళ్ళీ దిద్ది పంపకు. ఐదేళ్ళప్పుడు ఎడం చేతికి రిబ్బను కట్టి, కుడి చేత్తో రాయించింది ఎవరో నీకు తెలుసు.

నీ బుజ్జి

—

ఇంటి వెనక వసారా
ఫిబ్రవరి 23

బుజ్జీ,

నీ అంచనా బాగుంది. షాపతనికి చూపిస్తే "అమ్మాయిగారు ఎప్పుడైనా సైకిలు తొక్కారా?" అని అడిగాడు. అతని షాపు తలుపు మీదా, పచారీ కొట్టు గోడ మీదా కాగితాలు అంటించాను. ఇదీ నకలు:

"అమ్మకానికి. నల్ల లేడీస్ సైకిలు. ఒంటిచేతి సైకిలు. ముందు ఫోర్కు కొత్తది. గంట మూత లేదు. వెనక మడ్‌గార్డు మీద తుప్పు, అరచేయంత. రెండు వేలు. బేరానికి వచ్చేవాళ్ళు ఉదయం రావాలి."

"సింగిల్ హ్యాండ్" అని తెలుగు అక్షరాల్లో రాయడానికి నా చెయ్యి రాలేదు. ఒంటిచేతి అన్నాను. దాంతో ఏం జరిగిందో విను.

మొదటి రోజు ఒకావిడ వచ్చి, సీటు మీద ఒకసారి కూర్చుని, లేచి వెళ్ళిపోయింది. రెండో రోజు ఒక ముసలాయన వచ్చి, సైకిలు వదిలేసి నా ఆరోగ్యం గురించి అరగంట మాట్లాడాడు. మూడో రోజు వచ్చినాయన కుడి చెయ్యి మెడకి కట్టిన గుడ్డలో ఉంది. యాభై ఏళ్ళుంటాయి. "కాగితం చూసి వచ్చానండి, ఒంటిచేతి సైకిలన్నారు కదా" అన్నాడు. ఒక చేత్తో తొక్కడానికి ప్రత్యేకంగా చేసిన బండేమో అనుకున్నాడని నాకు అర్థమయ్యేసరికి కొంచెం టైము పట్టింది. "అదికాదు బాబూ, ఒక్కరి చేతిలోనే నడిచిందని" అన్నాను. "అలాగా" అన్నాడు. నవ్వలేదు.

బజారు వెనక కుట్టుపని షెడ్డులో కటింగ్ మాస్టరట. ఆయన మాస్టరు, నేను టీచరు, మధ్యలో సైకిలు. దాని చుట్టూ రెండుసార్లు తిరిగాడు. కొత్త ఫోర్కు మీద వేలితో నెమ్మదిగా రాసి చూశాడు. ధర అడగలేదు. "గంట మూత ఎక్కడ పోయిందండీ?" అన్నాడు. "వయసు మీద పోయింది" అన్నాను. "మళ్ళీ వస్తాను, ఎవరికీ ఇవ్వకండి" అని వెళ్ళాడు.

బేరమాడని కొనుగోలుదారుని ఇప్పుడే చూస్తున్నాను. మిగతా అంతా కులాసా.

నానమ్మ

—

హాస్టలు
మార్చి 3

నానమ్మా,

నాలుగు పేజీల ఉత్తరంలో ఫోర్కు ఎందుకు మార్చావో ఒక్క ముక్క లేదు. నేను అడిగింది ఒకటే ప్రశ్న. నీ క్లాసులో ఇలా రాస్తే సున్నా వేసి, మార్జిన్లో "అడిగినదానికి జవాబు రాయి" అని ఎర్ర సిరాతో రాసేదానివి.

నవ్వించడానికే రాశావు ఆయన సంగతి. మొదటిసారి చదివి నవ్వాను కూడా. రెండోసారి నవ్వు రాలేదు. ఆయన చేతికి ఎప్పుడు తగిలింది? ఎక్కడ? నువ్వు దిగింది ఏ రోజు? ఏ వీధిలో?

తేదీలు రాయి. కథలు వద్దు.

బుజ్జి

—

ఇంటి వెనక వసారా
మార్చి 9

బుజ్జీ,

తేదీ జనవరి 27. లాండ్రీ దగ్గరి మలుపు. వీధి దీపాలు వెలిగీ వెలగని వేళ.

కంట్లో శుక్లం ముదిరింది, చీకటి పడే వేళ సైకిలు తొక్కవద్దని కంటి డాక్టరు నవంబరులోనే చెప్పాడు. మీ నాన్నకి "చుక్కలు రాసిచ్చాడు" అని మాత్రం చెప్పాను. అది అబద్ధం కాదు, చుక్కలు కూడా రాసిచ్చాడు. నేను దాచే తీరు ఇలా ఉంటుంది, చూసుకో.

లైబ్రరీ నుంచి వస్తున్నాను. ఎదురుగా వస్తున్న బండి దీపం కంట్లో పాలు ఒలికినట్టు పరుచుకుంది. ఏమీ కనపడలేదు. ఆగాలి. ఆగలేదు. ఏదో తగిలింది. గోడైతే గట్టిగా తగిలేది. అది మెత్తగా తగిలింది.

దిగాను. ఒక మనిషి రోడ్డు మీద కూర్చుని, కుడి చేతిని ఎడం చేత్తో పట్టుకుని ఉన్నాడు. "ఎవరండీ, ఎవరండీ" అంటున్నాడు. వీధి దీపం నా వెనక ఉంది, అతనికి నా ముఖం కనపడలేదు. లాండ్రీలోంచి మనుషులు వస్తున్న అడుగుల చప్పుడు వినిపించింది. ఇంకో నిమిషంలో "అయ్యో, టీచరుగారే" అంటారు. ఆ ఒక్క మాట వినబుద్ధి కాలేదు నాకు.

ఎక్కాను, బుజ్జీ. దిగినదాన్ని మళ్ళీ ఎక్కాను. చక్రం మడ్‌గార్డుకి రాసుకుంటూ కీచుమంటుంటే నాలుగు వీధులు తొక్కాను.

గంట మూత అక్కడే ఊడి ఉండాలి.

ఆయన రెండోసారి వచ్చి వెళ్ళాడు. మణికట్టు రెండు చోట్ల విరిగిందట. అతికింది కానీ వేళ్ళలో పట్టు రాదన్నారట. కత్తెర పట్టే చెయ్యి అది. ఈసారి కుర్చీలో కూర్చున్నాడు, మంచినీళ్ళు తాగాడు. సైకిలు వైపు చూడలేదు. నా వైపు చూశాడు. "మీరు ఇంకా తొక్కుతారాండీ?" అన్నాడు. "మానేశాను" అన్నాను. "ఎప్పటినుంచి?" అన్నాడు. జ్ఞాపకం లేదన్నాను.

ఆయనకి తెలుసో తెలియదో నాకు తెలియటం లేదు. వచ్చే శుక్రవారం మళ్ళీ వస్తానన్నాడు. సైకిలు ఉత్తినే ఇచ్చేద్దామని ఉంది. నువ్వేమంటావు?

నానమ్మ

—

హాస్టలు
మార్చి 12

నానమ్మా,

ముందు ఆఫీసు మనిషిగా చెబుతాను. ఏమీ ఒప్పుకోకు. ఉత్తినే ఇవ్వకు, ఇస్తే ఒప్పుకున్నట్టే లెక్క. ఆయన మళ్ళీ వస్తే అమ్మడం లేదని చెప్పి తలుపు వెయ్యి. చూసినవాళ్ళు లేరు, ముఖం కనపడలేదు, ఫోర్కు మారింది. ఇలాంటి ఫైలు నా బల్ల మీదికొస్తే రెండు రోజుల్లో మూసేస్తాను.

ఇప్పుడు మనవరాలిగా. కొత్త ఫోర్కు అని నువ్వు రాసిన రోజే నాకు భయం పట్టుకుంది. నీ గురించి కాదు. ఆ రెండోవాళ్ళ గురించి. నీ ఉత్తరాల్లో ఆ రెండోవాళ్ళ కోసం నెలరోజులు వెతికాను.

మూడో క్లాసులో పక్క పిల్ల పెన్సిలు విరగ్గొట్టి నేను నోరు మూసుకుంటే, నన్ను నిలబెట్టి, "నేను విరగ్గొట్టాను అను. విరిగింది అనకు" అన్నావు. క్లాసంతా చూస్తుండగా. అప్పుడు నువ్వంటే అసహ్యం వేసింది. ఇప్పుడు ఆ మాటే నీకు తిరిగి రాస్తున్నాను.

ఈ రెండింట్లో ఏది వింటావో నీ ఇష్టం.

బుజ్జి

—

ఇంటి వెనక వసారా
మార్చి 18

బుజ్జీ,

నీ ఉత్తరం శుక్రవారం ఉదయం వచ్చింది. ఆయన గంట తర్వాత వచ్చాడు.

నేను నోరు తెరిచేలోపే ఆయన ఎడం చేతిని జేబులో పెట్టి, ఒక గంట మూత తీసి బల్ల మీద పెట్టాడు. "సరిపోతుందేమో చూడండి" అన్నాడు. నేనే లేచి తిప్పి బిగించాను. మరలు పట్టాయి. మీటితే మోగింది.

"ఇది నా సైకిలుదే. మిమ్మల్ని గుద్దింది నేనే" అన్నాను.

"తెలుసండి" అన్నాడు. "ఆ రోజు ఒక్కసారి అలా మోగించి ఉంటే సరిపోయేది."

అడిగాను, ఒంటిచేతి అన్న పిచ్చిమాట వల్లే కదా మీరు వచ్చారు అని. "ఆ మాటకి కాదండి. కింద గంట మూత లేదు అని రాశారు. దానికి వచ్చాను. అంతకుముందు మూడు వారాలు మూత లేని గంట కోసం ఊళ్ళో ఉన్న సైకిలు స్టాండులన్నీ తిరిగాను. ఎవరైనా కొత్తది పెట్టించేస్తారు, ఇలా రాసిపెట్టరు" అన్నాడు. విన్నావా? లోపాలన్నీ రాయమన్నావు, రాశాను. నిజం చెప్పాలంటే, కొత్త మూత కొనడానికి రెండుసార్లు షాపు దాకా వెళ్ళి, కొనకుండా వచ్చేశాను.

సైకిలు తీసుకోండి, ఆసుపత్రి ఖర్చు చెప్పండి అన్నాను. తల అడ్డంగా ఊపాడు. ఆయన అన్నది అన్నట్టే రాస్తున్నాను:

"నేను ఒకప్పుడు తాగేవాణ్ణండి. నాలుగేళ్ళయింది మానేసి. సైకిలు గుద్దిందంటే ఒక్కరు నమ్మలేదు. సైకిలేది, మనిషేది అన్నారు. తాగి పడ్డాడన్నారు. మా ఆవిడ ఆ షెడ్డులోనే కాజాలు కుడుతుంది, తనూ అదే అనుకుంది. యాభై రోజులయింది నాతో మాట్లాడి. ఓనరు వేరే మాస్టరు కోసం చూస్తున్నాడు. నాకు డబ్బు వద్దు. మీరొకసారి షెడ్డుకి వచ్చి, అందరి ముందూ చెప్పాలి. నేను పడలేదండి. నన్ను పడేశారు."

పడలేదు, పడేశారు. ఫిబ్రవరిలో నేను నీకు చెప్పిన పాఠమే. ఆయన వ్యాకరణంలో తప్పు లేదు.

సోమవారం పదింటికి వస్తానన్నాను. ఆ షెడ్డులో పన్నెండు మిషన్లున్నాయిట. అక్కడ కుట్టేవాళ్ళలో నా దగ్గర చదివినవాళ్ళు ఎందరుంటారో లెక్కపెట్టడం మానేశాను. మీ నాన్నకి ఇంకా చెప్పలేదు. రెండు రాత్రులుగా నిద్ర లేదు. రేపటికి జ్వరం వస్తే బాగుండునని ఉంది, నా నుదురు నేనే తాకి చూసుకుంటున్నాను. చల్లగా ఉంది.

నానమ్మ

—

హాస్టలు
మార్చి 22

నానమ్మా,

సోమవారం దాటి మూడు రోజులైంది. వెళ్ళావా? ఏ సంగతీ లేదు. ఫోను చేస్తే నాన్న "పడుకుంది, తర్వాత చెయ్యి" అని పెట్టేశాడు. ఆ గొంతులో ఏముందో తెలియలేదు.

వెళ్ళకపోయినా రాయి. ఆఫీసు మనిషి మాట విన్నా, నేను నీ మనవరాలినే. కానీ ఏదో ఒకటి రాయి. సెలవు పెట్టి రమ్మంటే వస్తాను.

బుజ్జి

—

ఇంటి వెనక వసారా
ఏప్రిల్ 4

పుర్రచేతి పిల్లకి,

ఈ పిలుపు ఎందుకో చివరికి తెలుస్తుంది. ఆలస్యానికి కారణం ఇంటి వాతావరణం, వివరం కింద ఉంది.

వెళ్ళాను. నడిచే వెళ్ళాను. షెడ్డు పొడుగ్గా, రేకుల కప్పుతో ఉంది. నేల నిండా గుడ్డపీలికలు. ఓనరు కుర్చీ వెయ్యబోతే వద్దన్నాను, నిలబడే చెప్పాలి కదా. మిషన్లు ఆపమన్నాడు. ఒక్కొక్కటే ఆగాయి. అంత నిశ్శబ్దం నా క్లాసులో కూడా ఎప్పుడూ లేదు. కుట్టేవాళ్ళలో ముగ్గురు నా దగ్గర చదివినవాళ్ళు. ఒకమ్మాయి నన్ను చూసి లేచి నిలబడింది, అలవాటు కొద్దీ.

"జనవరి ఇరవై ఏడున లాండ్రీ మలుపులో ఈ మాస్టరుగారిని నా సైకిలుతో గుద్దాను. చీకటివేళ తొక్కవద్దని డాక్టరు చెప్పాడు, వినలేదు. ఆయన సాయం కోసం పిలిచారు, నేను వెళ్ళిపోయాను. ఆయన తాగలేదు. ఆయన పడలేదు, నేను పడేశాను" అన్నాను. నాలుగో వాక్యం దగ్గర ఆగిపోయి, మళ్ళీ మొదటినుంచి చెప్పాను. సగం పాఠం నాకు ఎప్పుడూ నచ్చదు.

చెప్పడం అయ్యేసరికి, నిలబడిన అమ్మాయి కూర్చుంది.

కాజాల మిషను దగ్గర ఉన్నావిడే ఆయన భార్య అని ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. తలెత్తలేదు. చేతిలో కాలరు మాత్రం తలకిందులుగా పట్టుకుంది. తలుపు దాటేవరకూ నా వీపు మీద పన్నెండు మిషన్ల చూపులున్నాయి. గడప దగ్గర చెప్పు కోసం వెతుక్కుంటూ వెనక్కి చూశాను. అప్పుడే టిఫిను గంట కొట్టారు. ఆయన ఎడం చేత్తో డబ్బా మూత తియ్యలేక తంటాలు పడుతున్నాడు. ఆవిడ వచ్చి, మూత తీసి ఆయన ముందు పెట్టి, పక్కన కూర్చుంది. నేను వచ్చేశాను.

మీ నాన్న రెండు రోజులు మాట్లాడలేదు. సగం ఊరు వాడికి చెప్పింది, మిగతా సగం జాలిగా చూసింది. పచారీ కొట్టతను నాకు చిల్లర ఇస్తూ చెయ్యి తగలకుండా ఇస్తున్నాడు. అలవాటు చేసుకుంటున్నాను. మూడో రోజు మీ నాన్న కంటి ఆసుపత్రిలో నా పేరు రాయించి వచ్చాడు. తేదీ మే పది. వాడు అన్నది ఒక్కటే, "చుక్కలు రాసిచ్చాడన్నావు". అవునన్నాను.

సైకిలు అమ్ముడైంది. కొన్నది ఆయన భార్య. కుట్టినవి ఇళ్ళకి ఇచ్చిరావడానికట. ఉత్తినే ఇస్తానంటే, "మీ దగ్గర ఊరికే తీసుకోవడానికి మీరు మాకు చుట్టాలు కాదు" అంది. నీ పద్దెనిమిది వందలు చెప్పాను. ఆవిడ తుప్పుకి వంద తగ్గించింది, సీటు ఆకారానికి యాభై. గంట మూత రెండు నెలలు తమ ఇంట్లో ఉంది కాబట్టి దాని అద్దె అని ఇంకో యాభై. నా ముఖంలోకి చూడకుండానే బేరమంతా ఆడింది. పదహారు వందలకి ఇచ్చాను. వెళ్ళేటప్పుడు వీధి మలుపులో ఎవరూ లేకపోయినా గంట మోగించింది. అది నాకు వినిపించాలనే.

ఇక పని. ఓనరు మూడు నెలలు గడువిచ్చాడు, ఎడం చేత్తో కోయగలిగితే మాస్టరు పని మాస్టరుదే. రోజూ ఉదయం ఏడింటికి ఆయన మన వసారాకి వస్తున్నాడు. ఎడం చేత్తో సుద్దగీతలు గీయిస్తున్నాను. మొదటి రోజు కోడి గీసినట్టు గీశాడు, ఇప్పుడు చంక వంపు దాకా వచ్చాం. ఎడం చెయ్యి ఎలా వాలుతుందో, కాగితం ఎటు తిప్పుకోవాలో నాకే తెలియదని తెలిసింది. తెలుసుకోవలసినప్పుడు రిబ్బను కట్టాను. ఆ రిబ్బను నీలం రంగుది, నాకు గుర్తుంది. నేను తప్పు చేశాను. తప్పు జరిగింది అనటం లేదు.

కుడిచేతి కత్తెర ఎడం చేత్తో పడితే బ్లేడులు విడిపోయి గుడ్డ నలుగుతుంది, గీత కూడా బ్లేడు చాటున పడిపోతుంది. ఇక్కడ పుర్రచేతి కత్తెర దొరకదు. సైకిలు డబ్బులు పదహారు వందలూ మనియార్డరు చేశాను. పెద్ద బజారులో దర్జీ సామాన్ల కొట్టుకి వెళ్ళు. పది అంగుళాల కత్తెర అడుగు, పిల్లల కత్తెర అంటగడితే తీసుకోకు. రెండు చేతులకీ పనికొస్తుందంటే నమ్మకు. మందపాటి గుడ్డ ముక్క ఇంటినుంచే పట్టుకెళ్ళి, నాలుగు మడతలు పెట్టి, కొట్టువాడి ముందే కోసి చూడు. మొనలకి బిరడా గుచ్చి, గుడ్డలో చుట్టి, శనివారంలోగా పంపు.

కోసి చూసేటప్పుడు ఎడం చేత్తో చూడు. మొదట్లో తడబడితే ఆగు, మళ్ళీ పట్టుకో. అది నీ చెయ్యే.

నానమ్మ